క్రూజింగ్ పడవ మీద స్పినేకర్: డెక్ సామాను ఎక్కడ, ఎలా బిగించాలి

మా పడవలో స్పినేకర్ అనే తెరచాప కోసం వేసిన మొట్టమొదటి రంధ్రం ఇప్పుడు ఎపాక్సీ జిగురుతో పూడ్చేసి ఉంది. వెనక కుడిమూల, తెల్లటి జెల్‌కోట్ (ఫైబర్‌గ్లాస్ మీది పైపూత) మీద రూపాయి బిళ్లంత పసుపు మచ్చ. కేటలాగు చూసి బ్లాకులు (తాడు తిరిగే గిలకలు) తెప్పించాం, అవి వచ్చిన శనివారమే డ్రిల్ పట్టుకున్నాం. నీళ్ల మీదకి వెళ్లాక తెలిసింది, ఆ చోటునుంచి షీట్ (తెరచాప వెనక కొసని లాగి పట్టే తాడు) రెయిలింగ్ కమ్మీకి ఒరుసుకుంటోందని. అరచేయి దూరం వెనక్కి వేసుంటే సరిపోయేది.

అందుకే ఇక్కడ పనుల వరస మామూలుగా చేసే వరసకి తిరగేసి ఉంటుంది. ముందు లెక్క వేసుకోవాలి. తర్వాత ఒకరోజు అంతా తాళ్లతో కట్టి చూడాలి. ఆ తర్వాతే సామాను కొనాలి. డ్రిల్ అన్నిటికన్నా ఆఖర్న.

కొలతలన్నీ మా పడవవే చెప్తాను. అది 1980ల నాటి కాటలినా 30. ముగ్గురు స్నేహితులం కలిసి కొన్నాం, శాన్ ఫ్రాన్సిస్కో బేలో అలమీడా వైపు కట్టేసి ఉంచుతాం. దాదాపు 30 అడుగుల పొడవు, 6 వేలకు పైగా తయారైన రకం. మీది వేరే పడవైనా 27 నుంచి 34 అడుగుల మధ్య ఫైబర్‌గ్లాస్ పడవ అయితే పద్ధతి ఇదే, అంకెలు మాత్రం మీవి వేసుకోండి.

ముందు ఏ స్పినేకరో తేల్చుకోండి

గాలి వెనకనుంచో పక్కనుంచో వస్తున్నప్పుడు పడవ ముందు బుడగలా ఉబ్బే పల్చటి నైలాన్ తెరచాపే స్పినేకర్. ఇందులో రెండు రకాలున్నాయి. సిమెట్రిక్‌కి రెండు వైపులూ ఒకేలా ఉంటాయి. దాన్ని ఒక పోల్‌తో బయటికి తోసి పట్టాలి. ఆ పోల్‌కి మాస్ట్ (తెరచాపలు ఎత్తే స్తంభం) మీద ఉంగరం, పైకెత్తే తాడు, కిందికి లాగే తాడు, పోల్ కొసని వెనక్కి పట్టే రెండు తాళ్లు (గైలు) కావాలి. అసిమెట్రిక్‌కి పోల్ అక్కర్లేదు. ముందు కొస పడవ ముక్కు దగ్గర ఒక తాడుకి ఉంటుంది, వెనక కొసకి రెండు షీట్లు ఉంటాయి. అంతే.

ఇద్దరే నడిపే పడవైతే అసిమెట్రిక్ తీసుకోమనే చెప్తాను. తెరచాపని గొట్టంలా కప్పి మూసే స్నఫర్ సాక్ కూడా దానితోపాటే కొనండి. సరిగ్గా గాలివాటాన, అంటే గాలి నేరుగా వీపున కొడుతున్నప్పుడు, సిమెట్రిక్కే బాగా పనిచేస్తుంది, నిజమే. కానీ ఊగుతుండే ముందుభాగం డెక్ మీద నిలబడి ఆ పోల్‌ని అటూ ఇటూ మార్చడం కుటుంబంతో వెళ్లేవాళ్ల పని కాదు. ఇక్కడ చెప్పేదంతా అసిమెట్రిక్ గురించే. పోల్ కావాలనేవాళ్లకి చివర్లో నాలుగు ముక్కలు చెప్తాను.

తెరచాప తేలికే, లాగుడు తేలిక కాదు

స్పినేకర్ సంచీని ఒంటిచేత్తో మోయొచ్చు. దాంతో డెక్ మీద బిగించే సామాను కూడా చిన్నదే చాలనుకుంటాం. 420, 29ఈఆర్ లాంటి చిన్న డింగీల మీద సెయిలింగ్ నేర్చుకున్నవాళ్లకి ఈ పొరపాటు ఇంకా తేలిగ్గా జరుగుతుంది. అక్కడ స్పినేకర్ షీట్‌ని చేత్తోనే పట్టుకుంటారు మరి.

వించ్ (తాడు చుట్టి బిగించే డోలు) తయారీదార్లు జెనోవా (ముందుండే పెద్ద తెరచాప) షీట్‌కి వాడే ఒక లెక్క ఉంది. స్పినేకర్‌కీ అంచనాగా పనికొస్తుంది. తెరచాప వైశాల్యం చదరపు మీటర్లలో తీసుకోండి. గాలి వేగం నాట్లలో (ఒక నాట్ అంటే గంటకి 1.85 కి.మీ.) తీసుకుని దాన్ని దానితోనే గుణించండి. రెండిటినీ గుణించి మళ్లీ 0.021తో గుణిస్తే షీట్ మీద లాగుడు కిలోల్లో వస్తుంది. మా స్పినేకర్ సుమారు 65 చదరపు మీటర్లు. పడవ మీద ఉన్నవాళ్లకి తగిలే గాలి 10 నాట్లయితే దాదాపు 137 కిలోలు. 15 నాట్లయితే 307.

ఇక్కడ ఒక మెలిక ఉంది. అసలు గాలి 15 నాట్లు, పడవ గాలివాటాన 6 నాట్లతో పోతోందనుకోండి. మనకి తగిలేది 9 నాట్లే, లాగుడు 110 కిలోలే. వాతావరణం చల్లగా, హాయిగా ఉంటుంది. సరిగ్గా అప్పుడే చుక్కాని పట్టు తప్పి పడవ పక్కకి తిరిగి ఆగిపోతే, ఆ 15 నాట్లూ ఒక్కసారిగా తగుల్తాయి. 110 కాస్తా 307 అవుతుంది. తెరచాప ముడుచుకుపోయి మళ్లీ పటేల్మని తెరుచుకుంటే దానికి కుదుపు తోడు. కాబట్టి సామాను ఎంచాల్సింది హాయిగా సాగే పడవని చూసి కాదు, ఆగిపోయిన పడవని చూసి.

రెండో లెక్క బ్లాకులది. బ్లాక్ అంటే మన నూతి గిలకే. నూతిలో 20 కిలోల బిందె ఉంటే గిలక మీద పడేది 20 కాదు, దాదాపు 40. బిందె ఒకవైపు లాగుతుంటే చేదేవాడు మరోవైపు లాగుతుంటాడు. తాడు ఎంత మలుపు తిరిగితే గిలక మీద అంత బరువు. 30 డిగ్రీల మలుపుకి తాడు లాగుడులో సగం పడుతుంది. 60 డిగ్రీలకి సమానంగా, 90కి 1.4 రెట్లు, 120కి 1.7 రెట్లు, పూర్తిగా వెనక్కి తిరిగితే రెండు రెట్లు.

స్పినేకర్ షీట్ పడవ ముందునుంచి వెనకమూలకి వచ్చి, అక్కడ బ్లాక్‌లో తిరిగి, మళ్లీ ముందుకి వించ్ దగ్గరికి వస్తుంది. దాదాపు పూర్తి మలుపు. షీట్‌లో 300 కిలోలుంటే వెనకమూల బ్లాక్ మీద, దాన్ని పట్టుకున్న ప్యాడ్‌ఐ (డెక్‌కి బోల్టులతో బిగించే కొంకీ) మీద, దాని కింది డెక్ మీద 600 కిలోలు పడినట్టు. మొత్తం పనిలో కీలకమైన చోటు ఇదే. మేం మొదట తప్పు చేసిందీ ఇక్కడే.

తాడు వెంట నడవండి

హాల్యార్డ్‌తో మొదలుపెడదాం. కాటలినా 30లో ఫోర్‌స్టే, అంటే మాస్ట్‌ని ముందునుంచి పట్టే తీగ, మాస్ట్ శిఖరం దాకా వెళ్తుంది. స్పినేకర్‌ని ఎత్తే హాల్యార్డ్ దానికంటే ముందు, దానికంటే పైన ఉండాలి. లేకపోతే తాడు ఫర్లర్ (జెనోవాని చుట్టే సాధనం) పైభాగానికి రాసుకుని కొన్ని గంటల్లో పోగులు లేస్తుంది, లేదా చుట్టిన జెనోవాతో మెలిపడి రెండూ కదలకుండా పోతాయి. శిఖరం మీద ముందుకి పొడుచుకొచ్చిన చిన్న క్రేన్, దానికి స్టీల్ కొంకీ ఉంటే పని సగం అయినట్టే. అక్కడ అన్ని వైపులా తిరిగే స్వివెల్ బ్లాక్ వేలాడదీయాలి. స్పినేకర్ అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి తిరగని బ్లాక్ వేస్తే తాడు చక్రం పక్కకి దిగి ఇరుక్కుంటుంది. ఇక్కడ మలుపు పూర్తిగా 180 డిగ్రీలు. బ్లాక్ బలం ఆ లెక్కన చూడండి.

హాల్యార్డ్‌ని కాక్‌పిట్ (పడవ నడిపేవాళ్లు కూర్చునే చోటు) దాకా తేవాలా? చాలామంది తెస్తారు. దానికి మాస్ట్ మొదట్లో ఒక బ్లాక్, క్యాబిన్ పైకప్పు మీద తాడుని మళ్లించే డెక్ ఆర్గనైజర్, తర్వాత తాడుని పట్టి ఆపే క్లచ్ కావాలి. తక్కువలో తక్కువ ఎనిమిది రంధ్రాలు. పైగా మాస్ట్ మొదట్లోని బ్లాక్ డెక్‌ని పైకి పెళ్లగించేలా లాగుతుంది. దాన్ని విడిగా డెక్‌కి బిగించకుండా మాస్ట్ పాదం కింద ఉండే ప్లేట్‌కే తగిలించాలి. మేం ఈ తంటాలేవీ పెట్టుకోలేదు. స్నఫర్ సాక్ లాగే మనిషి ఎలాగూ ముందు డెక్ మీదే ఉంటాడు. హాల్యార్డ్ కూడా అతని చేతికి అందేలా మాస్ట్ మీదే, తాడు చుట్టి కట్టే ఒక క్లీట్‌కి కట్టాం. ఐదేళ్లలో దాన్ని వెనక్కి తేవాల్సిందని ఎప్పుడూ అనిపించలేదు.

ఇక ట్యాక్, అంటే స్పినేకర్ ముందు కింది కొస. ఇది ఫోర్‌స్టేకి ముందు ఉండాలి. వీలైతే ముందు రెయిలింగ్ కంటే కూడా ముందు ఉండాలి. ఎక్కువ పడవల్లో అంత ముందుకున్నది లంగరు రోలర్ ఒక్కటే. అందుకని అందరూ బ్లాక్‌ని దానికే కట్టేస్తారు. మేమూ కట్టాం. లంగరు రోలర్‌ని చేసింది కిందికి లాగే బరువు కోసం. స్పినేకర్ లాగేది పైకి, పక్కకి కూడా. ఒక తప్పు జైబ్‌లో (గాలి వెనకనుంచి వస్తుండగా తెరచాపని అటునుంచి ఇటు మార్చడం) మా రోలర్ చెంప ఒకటి ఐదు మిల్లీమీటర్లు వంగింది.

మీ రోలర్‌ని బోల్టులు ఎలా పట్టుకున్నాయో కిందనుంచి చూడండి. మందపాటి స్టీల్ ముక్కగా ఫోర్‌స్టే ఫిట్టింగ్‌తో కలిసిపోయి ఉంటే ఫరవాలేదు, దానికి యూ-ఆకారపు కొంకీ బిగించుకోవచ్చు. పల్చటి రేకుని వంచి చేసిందైతే నమ్మొద్దు. అప్పుడు ఫోర్‌స్టే ఫిట్టింగ్‌కే బ్లాక్ కట్టి, ట్యాక్‌ని చుట్టిన జెనోవా చుట్టూ పట్టీలా జారే ట్యాకర్‌తో పట్టించడం ఒక దారి. ముక్కునుంచి ముందుకి పొడుచుకొచ్చే చిన్న బౌస్ప్రిట్ బిగించడం ఇంకో దారి. బౌస్ప్రిట్ వేస్తే దాని కొసనుంచి నీటి గీత దాకా బాబ్‌స్టే అనే తీగ కూడా వేయాలి, లేకపోతే అది పైకి వంగుతుంది.

ట్యాక్ తాడు అక్కడినుంచి 90 డిగ్రీలు తిరిగి డెక్ అంచు వెంట కాక్‌పిట్‌కి రావాలి. దారిలో రెయిలింగ్ స్తంభాల మొదట్లో బిగించే చిన్న గైడ్ బ్లాకులు చాలు. అక్కడ తాడు తిన్నగానే పోతుంది కాబట్టి బరువు పడదు. ఆ స్తంభాల దగ్గర తాడు మలుపు తిరిగేలా మాత్రం పెట్టకండి. స్తంభాలు మనుషులు పడిపోకుండా ఆపడానికున్నాయి, తెరచాపని ఆపడానికి కాదు.

షీట్ల బ్లాకులు ఎంత వెనక ఉంటే అంత మంచిది. డెక్ వెనకమూల, రెయిలింగ్ అంచుకి ఆనుకుని ఉండాలి. షీట్ మొత్తం పడవ బయటినుంచి రావాలి: రెయిలింగ్ కమ్మీలకీ మాస్ట్‌ని పట్టే తీగలకీ అన్నిటికీ బయట. మీ పడవ అంచున బోల్టులతో బిగించిన చిల్లుల అల్యూమినియం టో రెయిల్ ఉంటే అదృష్టవంతులు. దాని చిల్లుల్లోనే షాకిల్‌తో (పిన్నుతో మూసే కొంకీ) స్నాచ్ బ్లాక్, అంటే పక్కనుంచి తెరుచుకునే బ్లాక్, తగిలించుకోవచ్చు, కొత్త రంధ్రం అక్కర్లేదు. లేనివాళ్లం ప్యాడ్‌ఐ వేసుకోవాలి.

బ్లాక్‌నుంచి వించ్‌కి వెళ్లే తాడు కాస్త కిందనుంచి పైకి ఎక్కుతూ వించ్‌ని తాకాలి, సుమారు 5 డిగ్రీలు. పైనుంచి కిందికి దిగితే చుట్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి బిగుసుకుంటాయి. లాగుడు మీదున్న తాడు అలా బిగుసుకుంటే దాన్ని విడదీయడం ఎవరివల్లా కాదు, కత్తే గతి. స్పినేకర్ ఎగురుతున్నప్పుడు జెనోవా చుట్టేసి ఉంటుంది కాబట్టి దాని వించ్‌లే దీనికీ వాడొచ్చు. కొత్త వించ్ కొనమని ఎవరైనా అంటే ముందు ఒక సీజన్ ఇలా నడిపి చూడండి.

డ్రిల్ లేకుండా ఒక రోజు

ఇప్పుడు అనుకున్న ప్రతి చోటా ఏదో ఒకటి తాత్కాలికంగా కట్టండి. వెనకమూల క్లీట్‌కి డైనీమా (సన్నగా ఉన్నా చాలా గట్టిది) తాడుతో ఉచ్చు వేసి దానికి స్నాచ్ బ్లాక్ తగిలించండి. ఉచ్చు పొడవు పెంచుతూ తగ్గిస్తూ పోతే బ్లాక్ జరుగుతుంది. ముందు ఒడ్డునే, గాలిలేని పొద్దున, స్పినేకర్ బదులు ఒట్టి తాళ్లే ఎత్తి చూడండి. ఒకరు షీట్ కొసని ముందుకి, పక్కకి తీసుకెళ్లి లాగాలి. ఇంకొకరు అది ఎక్కడెక్కడ ఆనుతోందో చూడాలి. రాసుకున్న ప్రతిచోటా రంగు టేపు అంటించండి.

తర్వాత 6 నుంచి 8 నాట్ల గాలిలో నిజంగానే ఎగరేసి రండి, గాలి పెరిగితే మాత్రం దించేయండి. మా బేలో వేసవి మధ్యాహ్నాలు 20 నాట్లు దాటడం మామూలే. అందుకే మేం పొద్దున్నే, బే బ్రిడ్జికి దక్షిణాన చేశాం. రెండు వైపులా జైబ్ చేయండి. ఒకవైపు చక్కగా పోయే తాడు రెండోవైపు బార్బెక్యూ కొక్కేనికి తగులుకోవచ్చు. నవ్వకండి, మాకు తగులుకుంది.

ఒడ్డుకి వచ్చాక టేపు గుర్తులు ఫొటో తీసుకుని అప్పుడు కొనండి. మాకు తేలిన జాబితా చిన్నదే. శిఖరానికి ఒక స్వివెల్ బ్లాక్. ముక్కు దగ్గర ఒకటి. వెనకమూలలకి రెండు రాచెట్ (ఒకవైపే తిరిగే) బ్లాకులు, ఒక్కోటి 600 కిలోల పనిబరువు మోసేవి, తెగే బరువు దానికి రెట్టింపుకి తక్కువ కానివి. రెండు ప్యాడ్‌ఐలు, మూడు గైడ్ బ్లాకులు, ట్యాక్ తాడుకి పళ్లతో తాడుని పట్టే ఒక క్యామ్ క్లీట్, మాస్ట్‌కి ఒక క్లీట్. తాళ్లు హాల్యార్డ్‌కి 10 మి.మీ. పాలియెస్టర్ 30 మీటర్లు, షీట్లకి అదే మందం ఒక్కోటి 18 మీటర్లు, అంటే పడవ పొడవుకి రెండింతలు, ట్యాక్‌కి 14 మీటర్లు. షీట్లకి 8 మి.మీ. డైనీమా తాడు కూడా బలంలో సరిపోతుంది గానీ చేతికి కోసుకుంటుంది.

డెక్ కింద ఏముందో చూడకుండా డ్రిల్ ముట్టకండి

ఫైబర్‌గ్లాస్ డెక్ చాలా చోట్ల ఒకే పలక కాదు. పైన ఒక పొర, కింద ఒక పొర, మధ్యలో బాల్సా చెక్కో ప్లైవుడ్డో ఉంటుంది. దీన్నే కోర్ అంటారు. తేలిగ్గా, గట్టిగా ఉండటానికి ఆ ఏర్పాటు. దానికి పడనివి రెండు. ఒకటి నీళ్లు: ఒక్క బోల్టు పక్కనుంచి దిగిన చెమ్మ ఏళ్ల తరబడి చెక్కని కుళ్లబెడుతూ పక్కలకి పాకుతుంది. రెండోది నలుగుడు: బోల్టు బిగిస్తే రెండు పొరలూ దగ్గరికి వచ్చి మధ్యలో చెక్క అణిగిపోతుంది, బోల్టు వదులవుతుంది, మళ్లీ నీళ్లు దిగుతాయి.

స్క్రూడ్రైవర్ ప్లాస్టిక్ పిడితో డెక్‌ని తట్టుకుంటూ వెళ్లండి. బాగున్న చోట టక్‌మని మోగుతుంది. చెడిన చోట మెత్తగా, పగిలిన కుండ తట్టినట్టు వినిపిస్తుంది. తర్వాత లోపలికి వెళ్లి పైకప్పు ప్యానెల్ విప్పి అదే చోటు కిందనుంచి చూడండి. వైర్లు, గ్యాస్ పైపు, లాకర్ గోడ ఏదున్నా ఇప్పుడే తెలుసుకోవాలి. నట్టు బిగించడానికి చెయ్యి దూరుతుందా అన్నది కూడా. మాలో అందరికన్నా సన్నటి చేతులున్నవాడు అందుకే ఎప్పుడూ కిందే ఉంటాడు.

రంధ్రం వేయడం, మూయడం, మళ్లీ వేయడం

అవును, ఒక్కో బోల్టుకి రెండుసార్లు. రెండు రోజులు పడుతుంది. మా తప్పు రంధ్రాన్ని పూడ్చడానికి ఒక వారాంతం మొత్తం పోయింది. దాంతో పోలిస్తే ఇది తక్కువే.

మాస్కింగ్ టేపు అంటించి, ప్యాడ్‌ఐ పెట్టి, రంధ్రాల మధ్యలు గుర్తు పెట్టండి. 3 మి.మీ. బిట్‌తో పైనుంచి కింద దాకా సన్నటి రంధ్రం వేయండి. బిట్‌తో వచ్చే పొడిని చూడండి, డెక్ సంగతి అదే చెప్తుంది. తెల్లగా ఉంటే గ్లాసు. పొడిగా లేత గోధుమరంగులో ఉంటే మంచి చెక్క. నల్లగా, తడిగా, కాఫీ పిప్పిలా వస్తే అక్కడితో ఆపేయండి. కుళ్లిన కోర్ మీద ఎంత మంచి బ్లాక్ బిగించినా దండగే, ముందు డెక్ బాగుచేయించాలి. డెక్ అంచుల్లో కొన్నిచోట్ల కోర్ ఉండదు, మొత్తం గ్లాసే వస్తుంది. అలాంటప్పుడు ఈ పెద్ద రంధ్రం తతంగం లేకుండా నేరుగా బ్యాకింగ్ ప్లేట్‌కి (డెక్ కింద పెట్టే పలక) వెళ్లిపోవచ్చు.

కోర్ ఉంటే, 8 మి.మీ. బోల్టు కోసం 16 మి.మీ. బిట్ తీసుకోండి. జెల్‌కోట్ పెచ్చులూడకుండా మొదట డ్రిల్‌ని వెనక్కి తిప్పుతూ పైపొర మీద గుండ్రం చెక్కండి. తర్వాత ముందుకి తిప్పి పైపొర, కోర్ రెండూ దాటించండి. కింది పొర మాత్రం తెగకూడదు. బిట్ మీద టేపు చుట్టి లోతు గుర్తు పెట్టుకోండి. రంధ్రం ప్యాడ్‌ఐ పాదం కింద పూర్తిగా దాగుతుందో లేదో ముందే కొలవండి. దాగకపోతే పైన చిన్న రంధ్రమే ఉంచి, వంచిన మేకుని డ్రిల్‌కి పెట్టి తిప్పండి. పైపొర తెగకుండా చుట్టూ ఉన్న చెక్క మాత్రం లేచిపోతుంది. ఆ గ్లాసు దుమ్ము మీద పడితే ఒళ్లంతా దురద. పొడుగు చేతుల చొక్కా, మాస్కు వేసుకుని, వాక్యూమ్‌తో పీల్చేయండి.

కిందనుంచి ఆ 3 మి.మీ. రంధ్రానికి టేపు గట్టిగా అంటించండి. మేం మొదటిసారి ఇది మరిచిపోతే ఎపాక్సీ పరుపు మీద కారింది. ఆ పరుపు మీద ఇప్పటికీ ఎవరూ పడుకోరు. వెస్ట్ సిస్టమ్ 105 రెజిన్, 205 హార్డెనర్ అయితే 5కి 1 పాళ్లు. ముందు ఏమీ కలపని పల్చటి ఎపాక్సీ పోసి బ్రష్‌తో చెక్క గోడలకి పట్టించండి, చెక్క దాన్ని తాగుతుంది. కాసేపాగి, అదే ఎపాక్సీలో కొలోయిడల్ సిలికా పొడి కలుపుతూ గట్టి పల్లీ పచ్చడిలా అయ్యేదాకా తిప్పి, సిరంజితో అడుగునుంచి నింపుకుంటూ రండి. ఒకేసారి గిన్నెడు కలపకండి, అది దానంతటదే వేడెక్కి పొగలొచ్చి గడ్డకడుతుంది. సాయంత్రం, డెక్ చల్లబడుతున్నప్పుడు పోస్తే మంచిది. పొద్దున పోస్తే ఎండకి చెక్కలో గాలి వ్యాకోచించి బుడగలు పైకొస్తాయి.

మర్నాడు కిందనుంచి టేపు పీకి ఆ సన్న రంధ్రాన్ని దారిగా పెట్టుకుని మళ్లీ 3 మి.మీ.తో పైకి, తర్వాత పైనుంచి 8 మి.మీ.తో కిందికి వేయండి. ఇప్పుడు బోల్టు పోయేది ఎపాక్సీ గొట్టంలోంచి. నీళ్లు దిగినా చెక్కని తాకవు, ఎంత బిగించినా డెక్ అణగదు. పైఅంచుని కౌంటర్‌సింక్ బిట్‌తో కాస్త గిన్నెలా చెక్కండి, సీలెంట్ కూర్చోవడానికి.

బ్యాకింగ్ ప్లేట్, సీలెంట్

కింద పెద్ద వాషర్ ఒకటి పెట్టి నట్టు బిగిస్తే చాలదా అని అడుగుతారు. 600 కిలోలని రెండు వాషర్ల మీద నిలబెట్టడం అది. ప్యాడ్‌ఐ పాదానికి కనీసం రెండింతల పలక కావాలి. మేం 6 మి.మీ. జీ10 పలక వాడాం. గ్లాసు, ఎపాక్సీ కలిపి నొక్కిన పలక అది. అల్యూమినియం కూడా పనిచేస్తుంది గానీ ఉప్పునీటి తడిలో స్టీల్ బోల్టుని ఆనుకుని ఉంటే అల్యూమినియం తినేసుకుపోతుంది. ప్లైవుడ్ పెడితే అది మరో కోర్ అయి కూర్చుంటుంది.

డెక్ కిందివైపు నున్నగా ఉండదు, గ్లాసు చాప గరుకు, ఎత్తుపల్లాలు ఉంటాయి. పలక మూడు బొడిపెల మీద నిలబడితే బరువు ఆ మూడింటి మీదే పడుతుంది. గరుకుని ఇసుకకాగితంతో తీసి, అసిటోన్‌తో తుడిచి, పలకకి చిక్కటి ఎపాక్సీ పూసి అంటించి, గట్టిపడేదాకా బోల్టులతో మెల్లగా పట్టి ఉంచండి. ఆ బోల్టులకి మైనం పూయండి, లేకపోతే అవీ అంటుకుపోతాయి. పలక మూలలు గుండ్రంగా అరగదీయండి.

సీలెంట్ విషయంలో ఎవరి వాదన వాళ్లది. నా ఓటు బ్యుటైల్ టేపుకి. అది గట్టిపడదు, ఏళ్లకి కూడా సాగుతూనే ఉంటుంది, ఎప్పుడైనా విప్పుకోవచ్చు. 3ఎం 5200 లాంటి శాశ్వత జిగురు మాత్రం వద్దు, రేపు విప్పాల్సొస్తే జెల్‌కోట్ కూడా ఊడొస్తుంది. ఇంట్లో వాడే సిలికాన్ అసలే వద్దు. బ్యుటైల్‌ని సన్నగా చుట్టి ప్రతి బోల్టు తల కింద శంకువులా పెట్టండి, ప్యాడ్‌ఐ పాదం కింద ఒక పొర పరచండి.

బిగించేటప్పుడు పైనున్నవాళ్లు బోల్టు తలని కదలనివ్వకుండా పట్టుకోవాలి. తిప్పేది కింద నట్టునే. బోల్టు తిరిగితే సీలెంట్ రింగు తెగుతుంది. 316 రకం స్టెయిన్‌లెస్ బోల్టు, వెడల్పు వాషర్, నైలాక్ నట్టు వాడండి. బోల్టు మరకి కాస్త గ్రీజు లాంటిది పూయండి, స్టెయిన్‌లెస్ నట్టు ఎండు మర మీద సగంలో బిగిసి పట్టేసుకుంటుంది. ఒకేరోజు చివరి దాకా లాగకండి. బ్యుటైల్ మెల్లగా జరుగుతుంది. మూడు రోజులు, రోజుకి కాస్త. బయటికి ఉబికినది ప్లాస్టిక్ ముక్కతో గీకేయడమే.

మాస్ట్ మీద

పైకెక్కేటప్పుడు రెండు వేరువేరు హాల్యార్డులకి కట్టుకుని ఎక్కండి. కింద వించ్ దగ్గరున్న మనిషి ఫోన్ జేబులో పెట్టేయాలి. షాకిల్ పిన్ను బిగించాక సన్నటి స్టీల్ తీగతో కట్టేయండి, గాలి కంపనానికి పిన్నులు విప్పుకుంటాయి. అల్యూమినియం మాస్ట్‌కి క్లీట్ బిగించేటప్పుడు స్టెయిన్‌లెస్ స్క్రూకి తుప్పుని ఆపే టెఫ్-జెల్‌గానీ డ్యూరాలాక్‌గానీ పూయకుండా పెట్టకండి. పూయకపోతే కొన్నేళ్లకి స్క్రూ చుట్టూ అల్యూమినియం తెల్లటి పొడిగా మారి స్క్రూ ఊడిరాదు.

పోల్ కావాలనేవాళ్లకి: పోల్ పొడవు మాస్ట్‌నుంచి ఫోర్‌స్టే మొదలు దాకా ఉన్న దూరమంత, మా పడవలో 3.5 మీటర్లు. మాస్ట్ ముందువైపు ఉంగరం ఒకటే చోట బిగించకుండా పట్టాల మీద జరిగేలా పెడితే మేలు. కిందికి లాగే తాడుకి ముందు డెక్ మధ్యలో ఒక ప్యాడ్‌ఐ, గైలకి పడవ అన్నిటికన్నా వెడల్పుగా ఉన్నచోట రెండు వైపులా బ్లాకులు కావాలి. వీటి లాగుడు కూడా డెక్‌ని పెళ్లగించే వైపే కాబట్టి రంధ్రాల పద్ధతి అంతా మళ్లీ అదే.

మొదటి రోజు

షీట్ల కొసలకి ముడి వేయకండి. జెనోవాకి వేసే అలవాటు చేతికి ఉంటుంది, అందుకే చెప్తున్నాను. స్పినేకర్ అదుపు తప్పితే షీట్ వదిలేయాలి, తాడు బ్లాకుల్లోంచి పూర్తిగా జారిపోవాలి. కొసన ముడి ఉంటే అది బ్లాక్‌లో ఇరుక్కుని తెరచాప మళ్లీ గాలి పట్టేస్తుంది.

6 నుంచి 8 నాట్ల గాలిలో ఒక గంట చాలు. షీట్ మీద బరువున్నప్పుడు ఒకరు లోపలికి వెళ్లి బ్యాకింగ్ ప్లేట్ మీద చెయ్యి పెట్టి చూడాలి, డెక్ పైకి ఉబుకుతున్నట్టు తెలియకూడదు. ప్యాడ్‌ఐ చుట్టూ జెల్‌కోట్ మీద సాలెగూడులా సన్నటి పగుళ్లు కనిపిస్తే పలక చిన్నదైందన్నమాట. ఆ రోజుకి దించేసి పెద్దది వేయండి. ఏమీ లేకపోతే తర్వాతిసారి 10, ఆపైన 12 నాట్ల గాలికి వెళ్లండి. ఇద్దరమే ఉంటే 15 దగ్గర దించేస్తాం.

ఒడ్డుకొచ్చాక ప్రతి ఫిట్టింగ్ మీదా పది నిమిషాలు గొట్టంతో నీళ్లు పట్టి, కింద ప్రతి నట్టుకీ ఒక టిష్యూ కాగితం చుట్టి ఇంటికెళ్లిపోండి. మర్నాడు కాగితాలన్నీ పొడిగా ఉంటే పైకప్పు ప్యానెల్ మూసేయొచ్చు. ఒక్కటి తడిసినా ఆ బోల్టు విప్పి బ్యుటైల్ మళ్లీ పెట్టాలి. మాకు రెండో కాగితం తడిసింది.